పసుపు కుంకుమ నుండి సమభాగము దాక

తెలుగునాట ఆడపిల్లను వట్టి చేతులతో అత్తవారింటికి పంపిన తండ్రి అరుదు. కలిగినవారు పసుపు కుంకుమ క్రింద ఎకరమో రెండెకరములో మాగాణి వ్రాసి యిచ్చిరి. నడిమి తరగతివారు కాసుల పేరో, పాడియావునో ఇచ్చిరి. లేనివారు అప్పు చేసియైనను చీర సారెలతో సాగనంపిరి. ఈ యిచ్చుటలో ప్రేమ లేదని ఎవ్వరును అనజాలరు. కాని తండ్రి ప్రీతితో ఇచ్చినదానిని కూతురు కన్నులకద్దుకొని పుచ్చుకొనుట వేఱు. తండ్రి యాస్తిలో ఇంత నాదని కూతురు అడిగి తీసికొనుట వేఱు. మొదటిది దానము, రెండవది భాగము. దానమునకు దాత యొక్క మనస్సే ప్రమాణము; అతడు ఈయవచ్చును, మానవచ్చును, తగ్గింపవచ్చును. భాగమునకు న్యాయము ప్రమాణము. దానిని ఒకరి దయ పెంచదు, ఒకరి కోపము తగ్గింపదు. తెలుగు ఆడపడుచు ఆస్తిహక్కు చరిత్ర యంతయు, ఈ దానము భాగముగా మారుటకు పట్టిన సుదీర్ఘకాలపు చరిత్రయే. అది శాస్త్రములో నెట్లుండెను, ఆచారములో నెట్లు చిక్కిపోయెను, న్యాయస్థానములలో నెట్లు నలిగెను, శాసనసభలలో నెట్లు నిలువద్రొక్కుకొనెను అను విషయమును ఈ వ్యాసమున వివరింప దలచితిని.

బెంగాలు, అస్సాము ప్రాంతములు తప్ప దేశమందలి తక్కిన భాగములకు వలెనే తెలుగుదేశమునకును దాయవిభాగమున ప్రమాణమైన గ్రంథము మితాక్షర. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుడు (1076–1126) కల్యాణపురమున రాజ్యము చేయుచుండగా, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన వ్యాఖ్యానమది. తిక్కనకు సమకాలికుడై, ఆయనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన, పదుమూడవ శతాబ్దిలోనే దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ధర్మశాస్త్ర వ్యాఖ్యాన మొకటి అంత త్వరలో దేశభాషలోనికి వచ్చుట, ఆ విషయముపై తెలుగువారికి గల శ్రద్ధకు నిదర్శనము.

మితాక్షర సిద్ధాంతమునకు రెండు ముఖములు కలవు. తాత తండ్రుల యాస్తిలో పుత్రునకు పుట్టుకతోడనే హక్కు సంక్రమించునని చెప్పి, పుత్రపౌత్రప్రపౌత్రులతో కూడిన పురుషుల సమష్టిని ఆస్తికి స్వామిగా నిలిపినది మొదటి ముఖము. ఆ సమష్టిలో కూతురికి గాని, భార్యకు గాని, తల్లికి గాని తావు లేదు. కుటుంబము అవిభక్తముగా నున్నంత వఱకు, ఒకడు మరణించినచో అతని భాగము తక్కిన మగవారికి చెందునే గాని అతని భార్యకు చెందదు. రెండవ ముఖము ఇంత కఠినము కాదు. విభక్తుడై పుత్రులు లేక మరణించినవాని యాస్తి మొదట భార్యకును, తరువాత కూతుండ్రకును చెందునని శాస్త్రము చెప్పినది. స్త్రీధనమును గూర్చి చెప్పుచు విజ్ఞానేశ్వరుడు, వివాహాగ్ని సన్నిధిని ఇచ్చినదియు, పుట్టింటివారు ప్రీతితో ఇచ్చినదియు మాత్రమే గాక, వారసత్వముచేతను, క్రయముచేతను, విభాగముచేతను స్త్రీకి లభించిన సమస్తమును స్త్రీధనమే యని విశాలముగా వ్యాఖ్యానించెను. అంతకంటె విశేషము మఱియొకటి కలదు. తండ్రి గతించిన పిమ్మట అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునపుడు, అవివాహితయగు సోదరికి నాల్గవ పాలు ఈయవలెనని స్మృతి చెప్పగా, ఆమె పెండ్లి జరిపించుటయే దాని తాత్పర్యమని పూర్వ వ్యాఖ్యాతయగు భారుచి చెప్పిన వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు త్రోసిపుచ్చి, అది నిజమైన భాగమేయనియు, కన్యకయు తండ్రి యాస్తిలో అంశము పొందదగినదే యనియు వాదించెను.

తొమ్మిది వందల యేండ్ల క్రిందట ఒక పండితుడు ఇంత స్పష్టముగా చెప్పిన మాటను తరువాతి కాలము కాపాడుకొనలేదు. కూతురి నాల్గవ పాలు కాలక్రమమున పెండ్లి ఖర్చుగా కరగిపోయెను. విజ్ఞానేశ్వరుడు కాదన్న భారుచి మతమే ఆచారమున గెలిచినది. ఒకే గ్రంథములో పుత్రునకు అనుకూలమైన వాక్యము శిలాక్షరముగా నిలిచి, పుత్రికకు అనుకూలమైన వాక్యము మరుగున పడుట యాదృచ్ఛికము కాదు. గ్రంథమును చదివి తీర్పు చెప్పిన పెద్దలును, ఆ తీర్పును అమలు జరిపిన గ్రామములును, దానివలన లాభము పొందిన కుటుంబాధిపతులును పురుషులే యగుటయే దీనికి కారణము.

అట్లని ప్రాచీనాంధ్ర స్త్రీ సర్వథా నిర్ధనయై యుండెనని భావించుటయు సత్యము కాదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందును, ఇతర దేవాలయములందును గల శాసనములలో, అఖండదీపములకై గొఱ్ఱెలను, ఆవులను, ధనమును సమర్పించిన స్త్రీల పేరులు కనబడుచున్నవి. తన చేతిలో సొత్తు లేనివారు దేవునకు దానము చేయజాలరు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలమాంబ బయ్యారము చెఱువును నిర్మింపజేసి శాసనము వేయించెను. ఆయన కుమార్తె గణపాంబ, భర్తయగు కోట బేతరాజు గతించిన పిదప ధరణికోట ప్రాంతమును తానే పాలించెను; ఏనమదల శాసనము ఆమె కీర్తిని నేటికిని నిలిపియున్నది. మఱియొక కుమార్తె రుద్రమదేవి తండ్రి రాజ్యమునకే వారసురాలై, 1262 ప్రాంతము మొదలు, చందుపట్ల శాసనము ఆమె మరణమును తెలుపు 1289 వఱకు, ఓరుగల్లు సింహాసనమును అధిష్ఠించెను. అయితే ఆ మహారాణిని పెక్కు శాసనములు రుద్రదేవ మహారాజని పురుషనామముతోనే పేర్కొనినవి. కూతురు రాజ్యము నేలవలెనన్నను కొడుకు పేరు పెట్టుకొనవలసి వచ్చెను. కుమార్తె కుమార్తెగానే వారసురాలగుటను సింహాసనము కూడ సహింపలేకపోయినచో, సామాన్య కుటుంబమునందలి పొలము గట్టు సహించునా?

వారసత్వము తల్లి నుండి కూతురికి సంక్రమించిన సమాజ మొకటి తెలుగునాట లేకపోలేదు. దేవాలయములలో నృత్యగీతసేవలు చేసిన కళావంతుల కుటుంబములలో, సేవతో ముడిపడిన మాన్యములు స్త్రీల పేర నుండెడివి. తల్లి సొత్తు కూతురికి చెందెడిది. దత్తత చేసికొనదలచినచో కూతురినే దత్తత చేసికొనెడివారు. 1929లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కృషి ఫలితముగా మద్రాసు ప్రభుత్వము చేసిన చట్టము ఆ మాన్యములను సేవాబంధము నుండి విడిపించి ఆ స్త్రీలకే నిలిపినది. 1947 నాటి మఱియొక చట్టము బాలికలను దేవునకు అంకితము చేయు ఆచారమునే నిషేధించినది. ఇందలి విషాదము గమనింపదగినది. స్త్రీ భూమికి స్వామిని కావలెనన్నచో ఆమె గృహిణీపదమును వదలుకొనవలెను. గృహిణి కావలెనన్నచో భూమిని వదలుకొనవలెను. గౌరవమును ఆస్తిని ఒకే స్త్రీ చేతిలో ఉంచుటకు ఆనాటి సమాజము అంగీకరింపలేదు.

ఇల్లరికపు టాచారము ఇంకను చిత్రమైనది. బళ్ళారి, కర్నూలు మండలములందలి రెడ్లలోను, మఱికొన్ని తెలుగు వ్యవసాయ కులములలోను, కొడుకులు లేనివారు అల్లుని తమ యింటనే యుంచుకొని, సేద్యము అతనికి అప్పగించి, ఆస్తిని అతనికి ఇచ్చు సంప్రదాయము చిరకాలముగా కలదు. 1881లో మద్రాసు హైకోర్టు ఈ యాచారమును గుర్తించి, ఇల్లరికపుటల్లునికి కొడుకుతో సమానమైన హక్కును ఒప్పుకొనెను. కొడుకు లేని యింట కూతురు ఉన్నది. ఆమె రక్తసంబంధమే అల్లుని ఆ యింటికి తెచ్చినది. అయినను పొలము ఆమెను దాటి ఆమె భర్తకు చేరినది. ఇంటి బిడ్డ కంటె, ఇంటికి వచ్చిన మగవాడే ఆస్తికి తగినవాడని ఊరంతయు నమ్మినది. ఆ నమ్మకమును న్యాయస్థానము ధ్రువపఱచినది.

ఇంగ్లీషు ప్రభుత్వము వచ్చిన పిమ్మట శాస్త్రము గ్రామపెద్దల చేతిలో నుండి న్యాయమూర్తుల చేతిలోనికి పోయెను. కోల్‌బ్రూకు 1810లో మితాక్షర దాయభాగమును ఇంగ్లీషులోనికి అనువదించెను. దానిని చేతబట్టుకొని, సంస్కృతము రాని న్యాయాధిపతులు లండనులో కూర్చుండి కృష్ణాతీరమందలి వితంతువుల హక్కులను నిర్ణయింపసాగిరి. అక్కడి తుది యప్పీలు న్యాయపీఠమగు ప్రీవీ కౌన్సిలు ముందునకు మచిలీపట్టణము కలెక్టరు తెచ్చిన ప్రసిద్ధ వ్యాజ్యమొకటి 1861లో పరిష్కారమయ్యెను. వారసులెవ్వరును మిగులని ఒక వితంతువు చేసిన అన్యాక్రాంతము చెల్లునా యన్నది అందలి ప్రశ్న. వితంతువు అధికారమునకు గల కట్టుబాట్లు వారసుల క్షేమము కొఱకు మాత్రమే యేర్పడినవి కావనియు, అవి ఆమె హక్కు స్వభావమునందే యున్నవనియు, వారసులు లేకపోయినను తొలగిపోవనియు ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. అనగా ఆమెను అడ్డుటకు దాయాది ఒక్కడును లేని చోట సర్కారే దాయాదియై నిలిచెను. 1867లో అదే న్యాయపీఠము, భర్త నుండి వారసత్వముగా వచ్చిన యాస్తి స్త్రీధనము కాదని నిర్ణయించి, విజ్ఞానేశ్వరుని విశాల వ్యాఖ్యానమును మూసివైచెను. అప్పటి నుండి తెలుగు మండలముల కోర్టులలో రివర్షనరు దావాలకు, అనగా వితంతువు తదనంతరము ఆస్తి తమదేయను దాయాదుల దావాలకు, అంతు లేకపోయెను. వితంతువు బ్రతికియున్నంత కాలము పంటను అనుభవింపవచ్చును. అమ్మవలెనన్నచో తగిన యవసరమును ఋజువు చేసికొనవలెను. ఆమె కన్నుమూసినంతనే, ఏనాడును ఆమె కష్టసుఖములు విచారింపని దాయాదులు పొలము గట్టున నిలిచెదరు.

సంస్కరణమునకై వచ్చిన చట్టము కూడ ఒక చేత ఇచ్చి మఱియొక చేత తీసికొనెను. 1856 నాటి వితంతు వివాహ చట్టము పునర్వివాహమును న్యాయసమ్మతము చేసెను గాని, మరల పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త యాస్తిపై గల హక్కు, ఆమె ఆ క్షణముననే మరణించినట్లుగా, అంతరించునని దాని రెండవ సెక్షను విధించెను. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినపుడు, ఆయనయు, ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మయు బహిష్కారమును, బంధువుల తిరస్కారమును ధైర్యముతో నెదుర్కొనిరి. కాని ఆ ధైర్యము కూడ చట్టపు వ్రాతను తుడిచివేయలేకపోయెను. పెండ్లిపీటల మీద కూర్చున్న వితంతువు క్రొత్త జీవితముతోపాటు దారిద్ర్యమును కూడ వరించుటకు సిద్ధపడవలసి వచ్చెను.

ఆ కాలముననే ఉత్తరాంధ్రమున కూతురికి వెల పుచ్చుకొని పెండ్లి చేయు కన్యాశుల్కమను మఱియొక దురాచారము ప్రబలియుండెను. విజయనగరపు ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణ మండలమందలి బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టికను వ్రాయింపగా, వాని సంఖ్య 1,034కు చేరెనని గురజాడ అప్పారావు తన నాటకపు తొలి పీఠికలో తెలిపెను. ఆ కన్యలలో ఏడాది ప్రాయపు పసికూనలును ఉండిరి. కూతురికి ఆస్తి లేదన్న సమాజము కూతురినే ఆస్తిగా భావించుటకు వెనుదీయలేదు. తరువాతి తరములో కన్యాశుల్కము అడుగంటి వరశుల్కము తలయెత్తెను. వెల ఇచ్చువారు మారిరి, బేరము మారలేదు.

పసుపు కుంకుమ క్రింద ఇచ్చిన భూమిని గూర్చి కూడ తగవులు వచ్చుచుండెను. అన్నదమ్ములకు పుట్టుకతో హక్కున్న పిత్రార్జితములో నుండి తండ్రి కూతురికి ఇచ్చిన భూమి చెల్లునా? 1911లో మద్రాసు హైకోర్టు ముందునకు అట్టి వ్యాజ్యమొకటి వచ్చెను. రెండు వందల ఎకరములున్న కుటుంబములో తండ్రి కూతురికి వివాహానంతరము ఇచ్చిన ఎనిమిదెకరములు చెల్లునని న్యాయస్థానము తీర్పు చెప్పినది. కూతురికి ఇచ్చుట తండ్రికి నైతిక ధర్మమే గాని చట్టబద్ధమైన విధి కాదనియు, ఆ నైతిక ధర్మమును అతడు మితముగా నెఱవేర్చినచో కొడుకులు కాదనరాదనియు ఆ తీర్పు యొక్క సారాంశము. ఆ కూతురికి పొలము దక్కినది; సంతోషమే. కాని అడుగు హక్కు ఏ కూతురికిని దక్కలేదు. తండ్రి దయ ఉన్న యింటి కూతురికి ఎనిమిదెకరములు, దయ లేని యింటి కూతురికి సెంటు భూమియు లేదు. రెండును న్యాయమే యని ధర్మాసనము చెప్పవలసి వచ్చెను.

ఇరువదవ శతాబ్దిలో స్త్రీలు తామే గొంతెత్తిరి. 1927లో నెలకొన్న అఖిల భారత మహిళా సభ, స్త్రీలకు చట్టమున గల అశక్తతలను విచారించుటకు ఒక సంఘమును నియమింపవలెనని కోరెను. 1929లో వచ్చిన స్వల్ప సవరణ, సోదరిని, కొడుకు కూతురిని, కూతురి కూతురిని దూరపు దాయాదుల కంటె ముందు వరుసలో నిలిపెను. 1937లో డాక్టరు జి. వి. దేశ్‌ముఖ్ కేంద్ర శాసనసభలో తెచ్చిన బిల్లు చట్టమై, వితంతువునకు భర్త యాస్తిలో కొడుకుతో సమానమైన భాగమును ఇచ్చెను. అదియు జీవితకాలపు అనుభవము వఱకే. కూతురిని ఆ చట్టము తడవనే లేదు. వ్యవసాయ భూమి రాష్ట్రముల యధికారములోని విషయమగుటచే ఆ చట్టము పొలములకు వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చెను. పొలమే ప్రాణమైన తెలుగు గ్రామములలో, పొలమునకు వర్తింపని ఆస్తిహక్కు ఎవరికి పనికివచ్చును? 1947లో మద్రాసు ప్రభుత్వము ప్రత్యేక చట్టముచేత దానిని వ్యవసాయ భూములకు విస్తరింపజేయు దాక కోస్తా, రాయలసీమల వితంతువులు నిరీక్షింపవలసి వచ్చెను.

1941లో బెనెగళ్ నర్సింగరావు అధ్యక్షతన నియమితమై, 1944లో పునరుద్ధరింపబడిన సంఘము దేశమంతయు తిరిగి, హిందూస్మృతికి ఒక చిత్తుప్రతిని సిద్ధము చేసెను. అందు కూతురికి కొడుకు భాగములో సగము ఈయదలచిరి. డాక్టరు అంబేడ్కరు న్యాయశాఖ మంత్రియైన పిమ్మట సెలెక్టు కమిటీ దానిని సమభాగముగా పెంచినది. రాజమహేంద్రవరమున జన్మించి, పండ్రెండేండ్ల ప్రాయముననే స్వాతంత్ర్యోద్యమమున దుమికి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి, రాజ్యాంగ సభలో ఆ బిల్లు పక్షమున నిలిచి స్త్రీల ఆస్తిహక్కు కొఱకు వాదించెను. ఎదురు నిలిచినవారు సామాన్యులు కారు. కూతురికి భాగమిచ్చినచో కుటుంబము ముక్కలగునని, అల్లుండ్రు కోర్టులకెక్కుదురని, అన్నాచెల్లెండ్ర యనురాగము నశించునని పెద్ద పెద్దవారే ఆక్రోశించిరి. అన్నదమ్ములు పంచుకొన్నపుడు చెదరని కుటుంబము, అక్కచెల్లెండ్రు పంచుకొన్నపుడే చెదరునని చెప్పుట ఏ తర్కమునకు నిలుచును? బిల్లు ముందుకు సాగకుండుటకు నిరసనగా, ఇతర కారణములతోపాటు, 1951 సెప్టెంబరులో అంబేడ్కరు మంత్రిపదవిని త్యజించెను.

ముక్కలై వెలువడిన ఆ స్మృతిలోని ముఖ్యభాగమైన హిందూ వారసత్వ చట్టము 1956 జూను 17న అమలులోనికి వచ్చెను. దాని పదునాల్గవ సెక్షను స్త్రీ చేతిలోని యాస్తిపై గల జీవితకాలపు సంకెలను త్రెంచి, ఆమెను సంపూర్ణ స్వామినిగా చేసెను. కాని ఆఱవ సెక్షను పురుషుల సమష్టిని యథాతథముగా ఉంచెను. దాని ఫలితమును లెక్కగా చెప్పినచో తేటపడును. తల్లి లేని ఒక కుటుంబములో తండ్రి, ఇద్దఱు కొడుకులు, ఒక కూతురు, తొమ్మిదెకరముల పిత్రార్జితము ఉన్నవనుకొందము. తండ్రి గతింపగా, మొదట ముగ్గురు మగవారికి మూడేసి ఎకరములు పంచి, తండ్రి వంతునకు వచ్చిన మూడెకరములను మాత్రము ముగ్గురు బిడ్డలకు సమముగా పంచవలెను. కొడుకులకు నాలుగేసి ఎకరములు వచ్చును. కూతురికి ఒక్క యెకరము వచ్చును. చట్టము పేరు సమత్వము; లెక్క నాలుగింట నొకటి. ఇక నివసించు ఇంటిని మగవారు పంచుకొనదలచు వఱకు పంచుడని అడుగుటకు కూతురికి అధికారము లేకుండెను. పెండ్లియైన కూతురికి భర్త గతించుట, భర్త విడిచిపెట్టుట వంటి యాపద వచ్చిననే తప్ప, పుట్టింట నివసించు హక్కే లేకుండెను.

ఇచ్చిన హక్కునైనను దక్కించుకొనుట ఎంత కష్టమో నెల్లూరు నుండి వెళ్ళిన తులసమ్మ వ్యాజ్యము చెప్పును. 1931లో భర్త గతింపగా, 1944లో కోర్టు రుసుము కట్టుకొనలేని పేదరాలిగా ఆమె మనోవర్తికి దావా వేసెను. 1949 నాటి రాజీలో కొంత యాస్తి ఆమెకు జీవితాంతము అనుభవించుటకు మాత్రము వచ్చెను. 1956 చట్టముచే తాను సంపూర్ణ స్వామినినైతినని తలచి ఆమె కొంత భూమిని కౌలుకిచ్చి, కొంత అమ్మగా, భర్త సోదరుడు కోర్టుకెక్కెను. హైకోర్టులో ఆమె ఓడెను. 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తి యనునది భర్త వంశీయుల భిక్ష కాదనియు, అది స్త్రీకి ముందునుండియు గల హక్కే యనియు, దానికి బదులుగా వచ్చిన యాస్తి రాజీపత్రములో ఎట్టి నిబంధన యున్నను ఆమె సొంతమే యగుననియు నిర్ణయించెను. భర్త మరణించిన నలువదియాఱేండ్లకు ఒక తెలుగు వితంతువు గెలిచిన ఆ గెలుపు, దేశమందలి అసంఖ్యాక వితంతువులకు ఆధారమయ్యెను.

కూతురి విషయమున నిజమైన మలుపు మన రాష్ట్రముననే సంభవించెను. నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా నుండగా, హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు కేరళ ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే 1975 చట్టముచే రద్దు చేసియుండెను. ఆంధ్రప్రదేశ్ ఆ మార్గమున పోక, ఉమ్మడి కుటుంబమును నిలిపి, అందులో కూతురిని కొడుకుతో సమానముగా, పుట్టుకతోనే భాగస్వామినిగా చేర్చినది. స్త్రీయగుట యను కారణముచేతనే కూతురిని వెలివేయుట రాజ్యాంగ విరుద్ధమనియు, వరకట్న పిశాచమును తొలగింప వలెనన్నచో స్త్రీకి ఆస్తి నీయవలెననియు ఆ చట్టపు ప్రస్తావనలోనే ఉద్ఘాటించిరి. మునుపటి తొమ్మిదెకరములను ఇప్పుడు పంచి చూడుడు: తండ్రితో కూడి నలుగురు భాగస్వాములు, తండ్రి నాల్గవ వంతు మరల ముగ్గురు బిడ్డలకు, తుదకు ప్రతి బిడ్డకు మూడెకరములు. అయితే ఆనాటికే పెండ్లియైన కూతుండ్రకు ఆ చట్టము వర్తింపలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేని భాగము చెల్లెలికి వచ్చినది. ఆ లోపమున్నను అది మార్గదర్శకమైన చట్టము. 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్రములు అదే బాట పట్టినవి. సరిగా ఇరువదేండ్లకు, 2005 సెప్టెంబరు 5న రాష్ట్రపతి యామోదము పొంది, 9వ తేదీ నుండి దేశమంతటికిని వర్తించిన కేంద్ర సవరణ, వివాహిత యవివాహిత యను భేదమును తొలగించి, నివాసగృహమును గూర్చిన నిషేధమును ఎత్తివేసెను. ఆనాటికి తండ్రి సజీవుడై యుండవలెనా యను సందేహముపై న్యాయస్థానములు పదునైదేండ్లు తర్కించినవి. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, కూతురి హక్కు పుట్టుకతో వచ్చునదే గనుక తండ్రి జీవించియుండ నక్కఱలేదని తేల్చిచెప్పినది. పుత్రునకు పుట్టుకతో హక్కన్న మితాక్షర వాక్యము పుత్రికకు వర్తించుటకు తొమ్మిది శతాబ్దములు పట్టినది.

చట్టము ఇంత దూరము వచ్చినది. ఆచారము ఎంత దూరము వచ్చినది? 2015–16 వ్యవసాయ గణన ప్రకారము దేశమందలి సాగు కమతములలో స్త్రీల నిర్వహణమున నున్నవి సుమారు 14 శాతము మాత్రమే. తండ్రి గతించిన పెద్దకర్మ కాకమునుపే హక్కు విడుదల పత్రము సిద్ధమగుట మన యూళ్ళలో క్రొత్త కాదు. ఆడపడుచు మాఱు మాటలేక సంతకము చేసినచో ఉత్తమురాలు. నా వంతు మాటేమన్నచో పుట్టింటికి కీడు తలపెట్టినది. సంకురాత్రికి పిలుపు రాదేమోయను భయము, కష్టకాలమున అన్నదమ్ముల అండ తప్పునేమోయను దిగులు, ఎకరముల కంటె ఎక్కువ బరువై ఆమె చేతిని సంతకము వైపు నెట్టుచున్నవి. పెండ్లికి పెట్టినది చాలదా యని అడుగువారు ఒక సంగతి మఱతురు. ఆంధ్రప్రదేశ్ 1958లోను, కేంద్రము 1961లోను వరకట్నమును నిషేధించినను ఆగని ఆ కట్నము, పెండ్లికూతురి పేర గాక వియ్యాలవారి చేతిలోనికి పోవుచున్నది. అది వరుని కుటుంబమునకు ముట్టిన వెలయే గాని వధువునకు దక్కిన వంతు కాదు. ఇక స్వార్జితమునకు వీలునామా వ్రాసి కూతుండ్రను తప్పించు తండ్రులును కలరు. చట్టము దానికి అడ్డు చెప్పదు.

చట్టములోను ఒక అన్యాయము ఇంకను మిగిలియున్నది. హిందూ వారసత్వ చట్టపు పదునైదవ సెక్షను ప్రకారము, సంతానము, భర్త లేక, వీలునామా వ్రాయక మరణించిన స్త్రీ యొక్క స్వార్జితము మొదట భర్త వారసులకు చెందును. ఆమె తల్లిదండ్రుల వంతు వారి తరువాతనే. పెండ్లియైన మూడు నెలలకే భర్తను కోల్పోయి, అత్తింటివారిచే వెడలింపబడి, పుట్టింటివారి యండతో చదివి, ఉద్యోగము చేసి కూడబెట్టుకొన్న ఒక స్త్రీ ధనమంతయు ఆమె తల్లికి గాక భర్త బంధువులకే చెందునని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చినది. పురుషుని యాస్తి ఏనాడును భార్య పుట్టింటివారికి పోదు. స్త్రీ కష్టార్జితము మాత్రము మెట్టినింటికి పోవుచున్నది. శాసనకర్తలు ఈ సెక్షనును వెంటనే సవరింపవలెను.

తక్కినది మన చేతిలోని పని. అన్నదమ్ములారా! తండ్రి యాస్తి పంచుకొను నాడు సోదరి సంతకము కొఱకు కాగితము పంపకుడు; ఆమె వంతునకు సరిహద్దురాళ్ళు పాతించి, ఆమె పేర పాసుపుస్తకము వ్రాయించి ఇండు. తల్లిదండ్రులారా! కట్నమునకై కూడబెట్టునది కూతురి పేరనే నిలుపుడు. వీలునామా వ్రాయునపుడు బిడ్డలందఱిని సమముగా తలపుడు. ఆడపడుచులారా! చీర సారెలు ప్రీతితో పుచ్చుకొనుడు. కాని వానికి బదులుగా హక్కు విడుదల పత్రముపై సంతకము చేయకుడు. మీరు కోరునది సోదరుని సొత్తు కాదు, మీ పుట్టుకతోనే మీకు సంక్రమించిన సొత్తు. తన వంతును నిలుపుకొన్న ప్రతి స్త్రీయు తన కూతురికి ఆ దారిని సుగమము చేయుచున్నదని గ్రహింపుడు.